చెప్పిందెవరు

జింకల వేట మొదలవడానికి ఇంకా రెండు వారాలుందనగా, ఒక గురువారం పొద్దున మా అమ్మాయి డేనా వాళ్ల తాత కోటు తొడుక్కుని బడికి వెళ్లింది. అంతకుముందు రోజు సాయంత్రం నుంచీ చలి ఒక్కసారిగా దిగింది. దాని కోటు ఉతికేశాను, ఇంకా తడారలేదు. వంటింటి తలుపు పక్కన కొక్కేనికి మా మావగారి ఎర్రగళ్ల ఉన్ని కోటు వేలాడుతోంది. చటుక్కున అది తీసి తగిలించుకుంది. భుజాలు జారిపోతున్నాయి. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి.

"దిష్టిబొమ్మలా ఉన్నావే" అన్నాను.

"నన్నెవరు చూస్తార్లే" అని నవ్వుతూ బస్సు కోసం పరిగెత్తింది.

ఆ రోజుల్లో నేను దాణా దుకాణంలో పనిచేసేదాన్ని. మధ్యాహ్నం కాకుండానే అక్కడికి ఫోనొచ్చింది. చేసింది గార్నర్ లెంట్జ్, మా ఊరి హైస్కూలు ప్రిన్సిపాలు.

"ఐలీన్, నువ్వొచ్చి డేనాని తీసుకెళ్లాలి. దాని దగ్గర కత్తి ఉంది."

నేను నవ్వేశాను. "ఏం కత్తి? పెన్సిలు చెక్కుకునేదా?"

"జింకని కోసే కత్తి. నవ్వకు ఐలీన్. దయచేసి నవ్వకు."

గార్నరూ నేనూ అదే బళ్లో ఒకే తరగతిలో చదువుకున్నాం. మా కాలంలో వేట రోజుల్లో బడి ముందు వరసగా నిలబెట్టిన పికప్ బళ్లలో, వెనకద్దం దగ్గర ఒక్కొక్క దానిలో ఒక్కొక్క తుపాకి ఉండేది. వాటికి తాళాలు కూడా వేసేవాళ్లు కాదు. గార్నర్ ఒకసారి బూట్ల మీద జింక నెత్తురుతో లెక్కల క్లాసుకి ఆలస్యంగా వస్తే, మాస్టారు "కొమ్ములకి కొనలెన్ని?" అని మాత్రం అడిగి కూర్చోమన్నారు. ఆ గార్నరే ఇప్పుడు ఫోనులో నన్ను నవ్వొద్దని బతిమాలుతున్నాడు.

వెళ్లేసరికి డేనా గార్నర్ గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. కోటు తీసేసుకున్నారు. పక్కనే కొత్తగా పెట్టిన కాపలా మనిషి నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆఫీసు బల్ల దగ్గర ఫెర్న్ హాబెల్. రోడ్డుకి అటువైపున్న ఇల్లు వాళ్లది. డేనా పుట్టకముందు నుంచీ నాకు స్నేహితురాలు. ప్రతి శనివారం మా వంటింట్లో కాఫీ తాగేది. ఆ రోజు మాత్రం టైపు కొడుతున్న చేతుల మీంచి కళ్లెత్తలేదు.

"ఎలా దొరికింది?" అని గార్నర్‌ని అడిగాను.

"ఆఫీసు దృష్టికి వచ్చింది."

"ఎవరు చెప్పారు?"

"విచారణ అయ్యేదాకా ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దని బడి వకీలు చెప్పాడు. అయినా ఎలా వచ్చిందన్నది నియమానికి అక్కర్లేదు ఐలీన్. వచ్చిందా లేదా, అంతే. జీరో టాలరెన్స్ అంటే అదే కదా."

అదే. ఆ ఏడు వసంతంలో కొలరాడోలో ఇద్దరు కుర్రాళ్లు తమ బళ్లోనే పిల్లల్ని కాల్చి చంపారు. మే నెలలో మా బడి భోజనశాలలో మీటింగు పెట్టి, ఆయుధం పట్టుకొచ్చినవాళ్లని, అది ఏదైనా సరే, ఏడాదిపాటు బడినుంచి తీసెయ్యాలా అని అడిగితే, చేతులెత్తిన తల్లుల్లో నేనూ ఉన్నాను. టీవీలో ఆ చనిపోయిన పిల్లల తల్లుల్ని చూశాక ఎత్తని చెయ్యి ఎవరిది? మా మావగారు ఒక్కరే ఎత్తలేదు. "నాకు పదహారేళ్లప్పుడు తుపాకి భుజాన వేసుకునే బడికెళ్లేవాణ్ణి, మా టీచరమ్మ దాన్ని కోట్లు తగిలించే మూల నిలబెట్టమనేది" అన్నారు. జనం నవ్వారు కానీ ఆయన్ని పట్టించుకోలేదు.

* * *

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం చెప్పగానే మా మావగారు ఫోర్కు కింద పెట్టేశారు.

"నా కోటు" అన్నారు. "కుడి జేబు. పదును పెడదామని మొన్న..." అని ఆగిపోయారు. ముసలాయన చేతులు బల్ల మీద వణకడం మొదటిసారి చూశాను. నా భర్త డెల్మార్ ఏదో అనబోయి, తండ్రి మొహం చూసి ఊరుకున్నాడు.

"తాతా, అది..." అని డేనా నోరు తెరిచింది.

ఆయన బల్ల గుద్దారు. "చెప్పిందెవరు? అది చెప్పండి ముందు! పిల్ల జేబులో కత్తి కనబడితే, 'ఒసే, నీ జేబు చూసుకో' అని చెవిలో ఒక్క మాటంటే సరిపోయేదానికి, ఆఫీసుకి మోసుకుపోయిన ఆ వెన్నెముక లేని వెధవ ఎవడు? ఏం తల్లీ, ఎవడో నీకు తెలుసా?"

డేనా ఆయన చేతుల వంక చూసింది. తెరిచిన నోరు మూసుకుంది.

"తెలీదు తాతా."

ఆ మూసుకోవడం నేను చూశాను. అయితే ఏం చూశానో నాకప్పుడు తెలీలేదు.

పిల్ల మేడ మీదికి వెళ్లాక డెల్మార్ గొంతు తగ్గించాడు. "ఆఫీసులో కూర్చునేదెవరు?"

"ఫెర్న్‌నా? నీకేమైనా పిచ్చా?"

"నర్సింగుకి ఆసుపత్రివాళ్లిచ్చే స్కాలర్‌షిప్పు బడికి ఒక్కటే. నిన్నటిదాకా వరసలో ముందు మన పిల్ల, వెనక వాళ్లమ్మాయి లోరా. ఇప్పుడు ముందెవరు?"

"డెల్, ఫెర్న్ అలాంటిది కాదు."

"కాకపోతే నీకు ఫోను చెయ్యదా? ఒక్క ఫోను?"

పిల్ల దొరికింది పొద్దున్నయితే, నేను వెళ్లేదాకా ఫెర్న్ అక్కడే ఉంది, చేతి దగ్గర ఫోనుంది. అనుమానం చెద లాంటిది. ఎక్కడ పట్టిందో కనబడదు, తట్టి చూస్తే డొల్ల. ఆ శనివారం ఫెర్న్ కాఫీకి రాలేదు. కిరాణా కొట్లో నన్ను చూసి సరుకుల బండి పక్క వరసలోకి తిప్పేసుకుంది. వాళ్ల వంటింటి తెర, ఎప్పుడూ తీసి ఉండేది, ఇప్పుడు పట్టపగలు కూడా వేసే ఉంటోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది చూస్తే.

దుకాణంలో నన్ను చూసే చూపులు మారాయి. కోళ్ల దాణా కోసం వచ్చిన ఒకావిడ, వాళ్ల పిల్లలకి డేనా కాపలా ఉండేది, డబ్బులిస్తూ మెల్లగా అడిగింది.

"ఐలీన్, ఏమీ అనుకోకు. మీ డేనా ఈ మధ్య ఒంటరిగా ఉంటోందా? ఆ కొలరాడో కుర్రాళ్లలా నల్లబట్టలూ అవీ..."

"దాని దగ్గరున్న నల్లబట్టలు చర్చి పాటల బృందానివి" అన్నాను.

"అబ్బే, నేననడం కాదు. ఊళ్లో అనుకుంటున్నారు."

నవ్వుతూనే వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ మా పిల్లని పిల్లల దగ్గర ఉండమని పిలవలేదు.

* * *

థాంక్స్ గివింగ్ పండగ తర్వాతి సోమవారం వేట మొదలు. ఆ రోజు మా వైపు బళ్లకి సెలవే. తెల్లవారుతుండగా ఫెర్న్ భర్త రస్ హాబెల్ మా గేటు దగ్గరికి వచ్చాడు. భుజాన తుపాకి, చేతిలో ఫ్లాస్కు, ఎప్పటిలాగే. మా ఇంటి వెనక కొండవాలంతా మా మావగారిది. రస్, డెల్మార్ కుర్రాళ్లప్పటి నుంచీ అక్కడే కలిసి కాపు కాసేవాళ్లు. కిందటి ఏడే గాజు ఫ్యాక్టరీ మూతపడి రస్ పని పోయింది. ఆ ఇంట్లో చలికాలమంతా తినే మాంసం ఆ వాలు మీదనుంచే రావాలి.

డెల్మార్ గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. నేను వసారాలో ఉన్నాను.

"ఈ ఏడు లేదు రస్."

రస్‌కి అర్థం కాలేదు. "ఏం లేదు? జింకలా?"

"నీకు చోటు లేదు."

"ఏంట్రా డెల్, పొద్దున్నే తాగావా?"

"మీ ఆవిడని అడుగు ఎందుకో."

రస్ ఫ్లాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అడిగాను. నాకే చెప్పట్లేదు. బడి సంగతి ఎత్తితే చాలు ఏడుస్తోంది. మీకేమైనా తెలిస్తే మీరే చెప్పండి."

"ఏడవడానికి కారణం ఉండే ఉంటుంది" అన్నాడు డెల్మార్.

రస్ నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. అతను తల పైకెత్తి మా మేడ కిటికీ వంక కూడా చూసి, వెనక్కి తిరిగి రోడ్డు దాటి వెళ్లిపోయాడు. నేనూ తల తిప్పి చూశాను. కిటికీలో డేనా ఉంది. రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడింది.

ఆ రోజు మా మావగారు వేటకి వెళ్లలేదు. నాకు పెళ్లయి వచ్చాక అలా జరగడం అదే మొదలు. రోజంతా వంటింట్లో కూర్చుని, కొండ మీద తుపాకి పేలినప్పుడల్లా తలెత్తి, మళ్లీ దించుకున్నారు.

బుధవారం డేనా లైబ్రరీకి వెళ్తానంది. బడికి రానివ్వకపోయినా పుస్తకాలు చదువుకుంటూనే ఉంది. నేను దుకాణం నుంచి తపాలాఫీసుకి వెళ్తూ లైబ్రరీ వెనక సందులోంచి నడిచాను. అక్కడ ఫెర్న్ కారు ఆగి ఉంది. లోపల రెండు తలలు. ఒకటి ఫెర్న్‌ది, రెండోది మా పిల్లది. ఫెర్న్ చెయ్యి దాని భుజం మీద ఉంది. నేను గోడ చాటుకి తప్పుకున్నాను. సొంత కూతుర్ని చాటునుంచి చూడడం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలీదు.

సాయంత్రం అడిగాను. "లైబ్రరీలో ఎవరైనా కనబడ్డారా?"

"ఎవరూ లేరమ్మా" అంది, కంచంలోకి చూస్తూ.

ఆ మాట డెల్మార్‌కి చెప్పాను. అతను ఎగిరిపడలేదు. "బడి కౌన్సెలరు ఇవాళ మిల్లులో నాకు ఫోను చేసింది" అన్నాడు. "పిల్ల గది ఒకసారి చూసుకోమంది. ఆ కొలరాడో కుర్రాళ్ల తల్లిదండ్రులకి కూడా ఏమీ తెలీదట. ఇంట్లోనే బాంబులు చేసుకుంటున్నా."

"మన డేనా గురించా నువ్వు మాట్లాడేది?"

"అబద్ధం ఎందుకు చెప్పింది మరి?"

* * *

మర్నాడు నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఇంట్లో ఏదో చప్పుడు. మేడమెట్ల మధ్యలో డేనా కూర్చుని ఉంది. బూట్లు కూడా విప్పలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వైద్యుడి దగ్గర వంతు కోసం ఎదురుచూసే మనిషిలా ఉంది.

"నాన్న నా గదిలో ఉన్నాడు" అంది.

పైన సొరుగులు లాగుతున్న శబ్దం వినబడుతోంది. ఒకటి లాగి, మూసి, ఇంకొకటి. తర్వాత మంచం జరిపిన చప్పుడు.

"నేను వచ్చింది నాన్నకి తెలీదు" అంది డేనా. "తెలిస్తే సిగ్గుపడతాడు. చూసుకోనీలే."

దాని పక్కన కూర్చున్నాను. మెట్టు ఇద్దరికీ ఇరుకు. పైన పరుపు ఎత్తి వదిలినట్టు ధబ్బుమంది.

"ఏం వెతుకుతున్నాడే?" అని అడిగాను.

"ఏమో. నాన్నకీ తెలీదు" అంది.

"నిన్న నువ్వు సందులో ఉన్నావు కదా" అంది మళ్లీ తనే. "నీ ఆకుపచ్చ కండువా కనబడింది."

మెడలోని కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎవరూ చెప్పలేదమ్మా" అంది గొంతు తగ్గించి. "నేనే. లెక్కల క్లాసులో చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే తగిలింది. బాత్రూముకని అడిగి తిన్నగా ఆఫీసుకెళ్లి ఫెర్న్ ఆంటీ ముందు పెట్టాను. ఏదైనా కనబడితే వెంటనే తెచ్చివ్వాలని అసెంబ్లీలో మరీమరీ చెప్పారు కదా."

"మరి ఫెర్న్?"

"తీసి జేబులో పెట్టేసుకోమంది. 'కడుపునొప్పని చెప్పు, మీ అమ్మకి ఫోను చేస్తాను, ఇంటికి పో. నువ్వు చూపించలేదు, నేను చూడలేదు' అంది. అలా చేస్తే దాచినట్టవుతుంది కదా ఆంటీ అన్నాను. అయితే ఇలా ఇవ్వు, నా సొరుగులో పెడతానంది. ఇంతలో లెంట్జ్ సారు తలుపు తీసుకుని వచ్చారు. ఆయన చేతికే ఇచ్చాను."

"ఆయనేమన్నాడు?"

"మంచి పని చేశావమ్మా అన్నారు." బూటు లేసు లాగింది. "అని, లోపలికెళ్లి ఫోను తీశారు."

"ఇంత జరిగితే మాకెందుకు చెప్పలేదే?"

"చెప్పబోయాను. తాత చేతులు చూశావా ఆ రోజు? ఎవరో ఒకరు చెప్పి ఉంటే తప్పు వాళ్లది. ఎవరూ చెప్పలేదంటే, ఇక మిగిలేదెవరు? తాతే కదా. ఆ తర్వాత మీరు ఫెర్న్ ఆంటీని పట్టుకున్నారు. ఆంటీ చెయ్యబోయింది చెబితే ఆవిడ ఉద్యోగం పోతుంది, వాళ్లింట్లో ఉన్నది ఆ ఒక్క జీతమే. నిన్న కారులో అదే చెప్పింది. నువ్వేం మాట్లాడకు, నన్ను తిట్టుకోనీ, నాకు పర్వాలేదు అని."

పైన తలుపు చప్పుడయింది. డెల్మార్ మెట్ల పైన వచ్చి నిలబడ్డాడు. కిందున్న మమ్మల్ని చూశాడు. అతని చేతిలో ఏమీ లేదు. చొక్కా మీద మాత్రం మంచం కింది దుమ్ము.

"ఏమీ లేదు" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలీదు.

"లేదు నాన్నా" అంది డేనా. లేచి, అతన్ని తాకకుండా పక్కనుంచి పైకి వెళ్లింది.

* * *

మర్నాడే రోడ్డు దాటి ఫెర్న్ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి జరిగింది. బంగాళాదుంపలు చెక్కుతోంది. నేనూ కూర్చుని ఒకటి తీసుకున్నాను.

"చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"నేను నీ కూతుర్ని దొంగని చెయ్యబోయాను ఐలీన్. అది ఒప్పుకోలేదు." చెక్కుతూనే ఉంది. "ఒప్పుకుని ఉంటే ఇవాళ బళ్లో ఉండేది. పిల్లలకి నిజాయితీగా ఉండమని మనమే నేర్పుతాం. ఆ రోజు దానికి ఆ నిజాయితీ రాకపోయుంటే బాగుండేదనిపిస్తోంది."

"నాకు ఫోనెందుకు చెయ్యలేదు?"

"గార్నర్ నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. తర్వాత చెయ్యడానికి మొహం చెల్లలేదు. విచారణలో నేనేమీ మాట్లాడలేను. రస్ మందులన్నీ నా ఉద్యోగం బీమా మీదే నడుస్తున్నాయి. నన్ను అడగకు."

"అడగను" అన్నాను. అడగాలని ఎంత ఉందో ఆవిడకి తెలుసు. ఇంకో దుంప తీసుకున్నాను.

డెల్మార్‌కీ మావగారికీ ఏమీ చెప్పొద్దని డేనా నాతో ఒట్టు వేయించుకుంది. అప్పటికే డెల్మార్ పట్టుబట్టి ఒక పని చేశాడు. ఇలాంటి విచారణలు మామూలుగా మూసిన గదిలో జరుగుతాయి. "తలుపులు తీసే జరపండి, ఊరంతా రానీ. చెప్పినవాళ్ల కళ్లలోకి నేను చూడాలి" అని రాసిచ్చాడు. వద్దని ఎంత చెప్పినా, కారణం చెప్పకుండా చెప్పే మాటకి బలమెక్కడిది?

వేట ముగిసిన వారంలో, బడి భోజనశాలలో, మే నెలలో చేతులెత్తిన చోటే విచారణ జరిగింది. గోడ వారగా కూడా జనం నిలబడ్డారు. బడి బోర్డు అధ్యక్షుడు మా ఊరి పళ్ల డాక్టరు. డేనా లేచి, కత్తి తాతదనీ, జేబులో ఉందని తెలీదనీ, దొరకగానే లెంట్జ్ సారుకిచ్చాననీ చెప్పింది. ఫెర్న్ పేరెత్తలేదు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "అందరూ అలాగే చెబుతారు" అని ఎవరో గట్టిగానే అన్నారు. డెల్మార్ దిగ్గున కూతురి వైపు తిరిగాడు. అతని మొహంలో కూడా అదే కనబడింది. నమ్మాలా, వద్దా? మావగారేమో, "లేదు, లేదు, ఎవరినో కాపాడుతోంది" అని గొణుగుతున్నారు.

అప్పుడు వెనక వరసలో కుర్చీ జరిగింది.

"పిల్ల చెప్పింది నిజం" అంది ఫెర్న్.

పక్కనున్న జిల్లా విద్యాధికారి వెంటనే, "ఫెర్న్, కూర్చో. నువ్వు మాట్లాడాల్సిన అవసరం లేదు" అన్నాడు.

"మాట్లాడకపోవడం నెల రోజులుగా చేస్తూనే ఉన్నానండీ." ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "కత్తి ముందు నా దగ్గరికే తెచ్చింది. దాచేసుకుని ఇంటికి పొమ్మన్నాను. ఒప్పుకోలేదు. నా సొరుగులో పెడతానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. ఈ గదిలో ఆ నియమాన్ని పాటించినది ఈ పిల్లొక్కతే. తప్పించబోయింది నేను. పంపిస్తే నన్ను పంపండి."

పళ్ల డాక్టరు గార్నర్ వైపు తిరిగాడు. "తనే తెచ్చిచ్చిందా?"

"అవును" అన్నాడు గార్నర్. తల ఎత్తలేదు.

"మరి శిక్ష దేనికి?"

"నియమంలో 'తెచ్చిస్తే' అన్న మాట లేదండి."

గోడ దగ్గరున్న ఒక తల్లి చెయ్యెత్తింది. నేను ఎరుగుదును, మంచి మనిషి. "నాకు డేనా మీద కోపం లేదు" అంది. "కానీ ఈ పిల్లకి మినహాయింపిస్తే రేపు వచ్చేవాడు కూడా తాత కోటే అంటాడు. వాడు నిజంగా చంపడానికే వస్తే? నాకు ముగ్గురు పిల్లలున్నారు ఈ బళ్లో." ఆవిడ ఏడుస్తోంది. ఆవిడని తిట్టుకోవడానికి నాకు నోరు రాలేదు. మేలో అయితే నేనూ అదే మాట అనేదాన్ని.

ఒక్క ఓటు తేడాతో డేనాని ఏడాదిపాటు బడినుంచి తీసేశారు.

చెప్పినవాళ్ల కళ్లలోకి చూస్తానన్న డెల్మార్ తన చొక్కా బొత్తాం వంక చూసుకుంటూ కూర్చున్నాడు. మా మావగారు టోపీ పెట్టుకుని బయటికి నడిచారు. మేము వెళ్లేసరికి బండిలో వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. డేనా ఆయన పక్కన ఎక్కింది. బండి ఊరు దాటింది.

"అయితే నేనే" అన్నారు ఆయన చివరికి.

డేనా ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "ఆ రోజు చలి ఎక్కువగా ఉంది తాతా. అంతే. చలి."

* * *

జనవరిలో ఫెర్న్ రాజీనామా చేసింది. చేయించారంటే సరిగ్గా ఉంటుంది. వృద్ధుల ఆశ్రమం వంటింట్లో పని దొరికింది, జీతం సగం. ఆ చలికాలం మంచు పడిన ప్రతి పొద్దునా మా మావగారు పార పట్టుకుని రోడ్డు దాటి, హాబెల్ వాళ్ల వాకిలి నుంచి రోడ్డుదాకా మంచు ఎత్తిపోసి వచ్చేవారు. తలుపు తట్టేవారు కాదు. ఫెర్న్ కిటికీలోంచి చూసేది, వద్దనేది కాదు. మరుసటి ఏడు డెల్మార్ వెళ్లి వేటకి రమ్మని రస్‌ని పిలిచాడు. "చూద్దాంలే డెల్" అన్నాడు రస్, మర్యాదగానే. రాలేదు. ఇప్పటికీ వేరే కొండమీదికే వెళ్తాడు.

స్కాలర్‌షిప్పు లోరాకే వచ్చింది. డేనా ఇంట్లో చదివి, బడి మధ్యలో ఆగిన పెద్దవాళ్లు రాసే పరీక్ష రాసి, ఒక ఏడాది ఆలస్యంగా, అప్పు చేసి నర్సింగులో చేరింది. ఇప్పుడు అత్యవసర విభాగంలో పనిచేస్తోంది. కొన్నేళ్లకి బోర్డులో మనుషులు మారారు. ఒక్కో పిల్లవాడి సంగతి ఒక్కోలా విడివిడిగా చూసి నిర్ణయించాలని రాసుకున్నారు. రిటైరైన గార్నర్ పక్షుల గింజలు కొనడానికి దుకాణానికి వచ్చి, "ఇప్పుడైతే అలా జరిగేది కాదు ఐలీన్" అన్నాడు.

"అది జరిగింది ఇప్పుడు కాదుగా" అని గింజలు తూచి ఇచ్చాను.

ఇప్పుడు డేనా కొడుకు అదే బడికి వెళ్తున్నాడు. లోపలున్నవన్నీ కనబడే ప్లాస్టిక్ సంచీ. లైట్లార్పి బల్లకింద చప్పుడు చెయ్యకుండా ఎలా దాక్కోవాలో ఏడాదికి నాలుగైదుసార్లు నేర్పిస్తారు. నియమం తప్పా ఒప్పా అని నేనిప్పటికీ తేల్చుకోలేను. ఒకసారి డేనాని అడిగితే, "నేను ఇవ్వడం తప్పు కాదమ్మా, అంతవరకే నాకు తెలుసు" అంది.

కానీ ఆ చలికాలం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది విచారణ కాదు. విచారణ అయిన మర్నాటినుంచి డేనా తన గది తలుపు వేసుకోవడం మానేసింది. చదువుకునేటప్పుడు, పడుకునేటప్పుడు, ఎప్పుడూ బార్లా తీసే ఉంచేది. కోపంతో కాదు. అడిగితే, "పర్వాలేదమ్మా, ఇలాగే ఉండనీ" అనేది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మళ్లీ వేసుకోలేదు.

డెల్మార్ భోజనానికి పిలవడానికి మేడెక్కేవాడు. లోపల బల్ల దగ్గర కూతురు కూర్చుని ఉండడం, పుస్తకం, దీపం, అన్నీ కనబడుతూనే ఉండేవి. అయినా గడప దగ్గర ఆగేవాడు. తెరిచి ఉన్న తలుపుని వేళ్లతో రెండుసార్లు తట్టి, "రావచ్చా?" అని అడిగేవాడు. అది తలెత్తి "రా నాన్నా" అనేదాకా అక్కడే నిలబడి ఉండేవాడు.